రెండున్నర

పెరంబూరు స్టేషన్ దిగి ఎడమకి తిరిగితే నా కొట్టు.
కొట్టంటే కొట్టు కాదు,
రెండు గోడల మధ్య మిగిలిపోయిన మూడడుగుల సందుకి
షట్టరు బిగించారు, అంతే.
షట్టరు పైన పదకొండు మేకులు.

ఒక్కో మేకుకీ ఒక్కో కంపెనీ బోర్డు వేలాడిన రోజులున్నాయి.
ఎర్రది, పసుపుది, నీలం మీద తెల్లచుక్కలది,
పేరు పలకడానికి నాకు నోరు తిరగనిది ఒకటి.
పొద్దున తొమ్మిదికల్లా టై కట్టుకున్న కుర్రాళ్ళు మెట్టు మీద,
"అన్నా, మా బోర్డెందుకు కిందికి దించావు?" అని.
ఒకడు గడియారం ఇచ్చాడు, ఒకడు గోడకి రంగేయించాడు,
వారం తిరక్కుండా దాని మీద ఇంకొకడి రంగు.
ఆ రెండేళ్ళలో ఈ గోడకి పట్టిన పెళ్ళికళ
నా పెళ్ళినాడు మా ఇంటికి లేదు.

అప్పుడు గీకుడు కార్డులు.
రూపాయి బిళ్ళతో గీకితే గోరు కింద వెండి పొడి చేరేది.
అన్నం కలుపుతుంటే చూసి సులోచన
"లక్షాధికారి చెయ్యి" అని నవ్వేది.
నిమిషం రూపాయి, అర్ధరూపాయి, ఆఖరికి సెకనుకి పైస.
చచ్చిపోయిన పైసని లేపి కూర్చోబెట్టింది ఈ ఫోనువాళ్ళే.
జనం మూడేసి సిమ్ములు పర్సులో
తమలపాకుల్లా దాచుకునేవాళ్ళు.

తరవాత ఒకడు ఊరికే ఇస్తానన్నాడు.
కొత్వాల్ చావడిలో ఉల్లిపాయలమ్మిన మా తాత అనేవాడు:
"అంగట్లో ఊరికే ఇచ్చేవాడు సరుకు అమ్మట్లేదురా,
పక్క కొట్టు కొంటున్నాడు."
తాత మాట గుర్తుండే
నేనూ వరసలో నిలబడి తీసుకున్నాను.
అది కూడా చెప్పాలి కదా.

మేకులు ఖాళీ అవుతూ వచ్చాయి.
ఒకటి ఇంకోదాంట్లో కలిసింది,
ఒకటి కోర్టు మెట్లెక్కి మళ్ళీ దిగలేదు.
టై కుర్రాడు దిల్లీబాబు మూడు నెలల జీతం రాక
నా దగ్గర ముప్పై రూపాయల రీచార్జి అప్పు పెట్టి పోయాడు.
వాడి నంబరు వేరెవరికో ఇచ్చేశారు.
చేస్తే ఒక ఆడగొంతు "కౌన్?" అంటుంది.

మిగిలింది రెండున్నర.
ఇద్దరు దొరలు,
ఆస్పత్రి మంచం మీంచి చెయ్యూపే సగం మనిషి.
సర్కారుది లెక్కలో వేసుకునేవాళ్ళు వేసుకోవచ్చు.

ఆడి నెలలో ఒక గురువారం సాయంత్రం మొదటివాడు ధర పెంచాడు.
శుక్రవారం నేను షట్టరెత్తేలోపల రెండోవాడు.
రూపాయల్లో తేడా లేదు.
పైసల్లో ఉందేమో, పైసలు మళ్ళీ చచ్చిపోయాయి.
ఇద్దరూ మాట్లాడుకోలేదట.
నమ్ముతాను.
ఫోను చేసుకోనక్కర్లేని స్నేహం వాళ్ళది.

ఇడ్లీల కన్నియమ్మకి ఫోను చెయ్యడం రాదు, ఎత్తడం వచ్చు.
పదేళ్ళు రూపాయి వెయ్యకుండా ఎత్తింది.
ఇప్పుడు నెలనెలా కట్టకపోతే
వచ్చే పిలుపు కూడా ఆగిపోతుందని చెప్పాను.
గిన్నె దించి అడిగింది:
"పిలిచేవాడు కదా డబ్బు కట్టేది?
పిలిపించుకోడానికీ కూలి నేనే ఇవ్వాలా?"
తమిళంలో అడిగింది.
నా దగ్గర రెండు భాషల్లోనూ జవాబు లేదు.

సర్కారు సిమ్ముకి మార్చాను. చవక.
సిగ్నలు మాత్రం రైలు వంతెన మీద,
పందొమ్మిదో మెట్టు దాటితేగాని తగలదు.
రోజూ ఏడింటికి ఖాళీ గిన్నె చంకన పెట్టుకుని ఎక్కుతుంది.
క్యారేజి వర్క్స్ షిఫ్టు వదిలిన జనం
ఆవిడని రాసుకుంటూ దిగిపోతారు.
ఆవిడ నిలబడి ఉంటుంది, ఎవరో చేస్తారని.

నిన్న మేకులు పీకుదామని సుత్తి తెచ్చాను.
మొదటి దెబ్బకే పెచ్చు ఊడింది.
కింద పసుపు, దాని కింద ఎరుపు,
దాని కింద ఎవరిదో నీలం.
సుత్తి లోపల పెట్టేశాను.

ఏడో మేకుకి కన్నియమ్మ గొడుగు తగిలిస్తోంది ఈ మధ్య.
ఏదో కంపెనీ పంచిన గొడుగే.
అక్షరాలు వెలిసిపోయాయి,
ఎవరిదో నాకూ గుర్తు రావట్లేదు.